వెండి పరీక్ష వేరు, నాణెం పరీక్ష వేరు

పాత వెండి రూపాయి చేతికొస్తే మన జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది బంగారప్పని చేసేవాళ్లే. నెల్లూరు వాళ్లయితే ఆచారివీధి, ఒంగోలు వాళ్లయితే తెలిసిన కొట్టు. అక్కడ గీటురాయి మీద అంచు గీసి, ఒక చుక్క యాసిడ్ వేసి, బల్ల మీద మోగించి "మంచి వెండే" అంటారు. ఇక నాణెం అసలుదని తేలిపోయినట్టే లెక్క, డబ్బు చేతులు మారుతుంది. ఆచారి గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆయన లోహాన్ని పరీక్షించారు, లోహం సంగతే చెప్పారు. సేకరణ కోసం కొనే నాణెంలో లోహం ఖరీదు కొంతే. మిగతా ధరంతా ఆ సంవత్సరానికి, ఆ అచ్చుకు, ఆ నాణెం నిలిచిన తీరుకు పెడుతున్నాం. మోసం కూడా అక్కడే జరుగుతుంది. గీటురాయికి అది కనిపించదు.

గీటురాయి మాటే చివరిదనుకుంటే ఏమవుతుందో చూడండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, 50 శాతం. మిగతాది రాగి, నికెల్, జింకు. దాన్ని గీస్తే "ఇది వెండి కాదు, కల్తీ" అనే మాట వస్తుంది, నాణెం మాత్రం నూటికి నూరు పాళ్లు అసలుది. 1947 రూపాయిది అచ్చంగా నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది, అతుక్కోవాలి కూడా. "అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ" అని వీడియోల్లో చెప్పే సూత్రం దాని దగ్గర తలకిందులవుతుంది. ఇటువైపు, ఇప్పటి నకిలీల్లో మంచి వెండితోనే చేసినవీ ఉన్నాయి. అరుదైన సంవత్సరం పేరు చెప్తే వెండి ధరకు ఎన్నో రెట్లు వస్తుంది కాబట్టి వెండి పెట్టినా చేసినవాడికి గిట్టుబాటే. ఇక అన్నిటికంటే ప్రమాదకరమైనది అసలు నాణేన్నే దిద్ది అరుదైనదిగా మార్చినది. బరువు సరిపోతుంది, మోత సరిపోతుంది, వెండి సరిపోతుంది, ఎందుకంటే అది అసలు నాణెమే. ఒక అంకె మాత్రం అబద్ధం.

అందుకని పరీక్షకు ఒక వరస ఉండాలి. ముందు తూకం, కొలత. తర్వాత అంచు. తర్వాత భూతద్దం. నీటి పరీక్ష, ఎక్స్‌రే యంత్రం ఆ తర్వాత. గీటురాయి, యాసిడ్ ఈ వరసలో లేవు. సేకరణ నాణేన్ని గీసిన మరుక్షణం దాని విలువలో కొంత పోయింది.

తూకానికి 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూనిక సరిపోతుంది. దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. 2011 నుంచి 2018 మధ్య అచ్చయిన ఇత్తడి రంగు అయిదు రూపాయల బిళ్ళ 6 గ్రాములు. అరగని బిళ్ళలు రెండు పెడితే 12 గ్రాములు చూపాలి. ఇది వెండి రూపాయి బరువుకు దగ్గర కాబట్టి తూనిక సరిగ్గా ఉందో లేదో ఇక్కడే తెలుస్తుంది. ఫ్యాను గాలి తగలకూడదు, బల్ల కదలకూడదు.

1835 నుంచి 1945 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు మారలేదు: 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, మన లెక్కలో 11.66 గ్రాములు. అడ్డకొలత సుమారు 30.5 మిల్లీమీటర్లు. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ (రెండణాల నాణెం) 1.46 గ్రాములు. చేతులు మారిన నాణెం అరుగుతుంది. రెండు శాతం దాకా అరిగిన రూపాయిని ఆనాటి చట్టం చెల్లుబాటు చేసింది, అంటే 11.43 దాకా. కాబట్టి బరువును నాణెం ముఖంతో కలిపి చదవాలి. బొమ్మ జుట్టు, కిరీటం గీతలు మొన్న అచ్చు వేసినట్టు ఉండి బరువు 11.3 చూపితే అనుమానించాలి. బొమ్మ సగం అరిగిపోయి బరువు మాత్రం 11.70 ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి. అరిగిన నాణేన్ని మూసగా పెట్టి పోత పోసినప్పుడు సరిగ్గా ఇలాంటి పొంతన లేని జంట కుదురుతుంది. పోత పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కనుక అడ్డకొలత కూడా కాస్త తగ్గుతుంది. కొలవడానికి ప్లాస్టిక్ వెర్నియర్ వాడండి, ఉక్కుది అంచును గీరుతుంది.

అంచును మనవాళ్లు చూడరు. బొమ్మ చూస్తారు, బొరుసు చూస్తారు, అక్కడితో సరి. నాకు మటుకు నాణెం మొత్తంలో ఎక్కువ నిజం చెప్పే చోటు అంచే. 1939 దాకా వచ్చిన రూపాయల అంచున నిలువు గీతలు సమానంగా, ఒకే లోతుతో చుట్టూ ఉంటాయి. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయలకు అంచు మధ్యలో గాడి, దానిలో సన్నటి నగిషీ చేర్చారు. నకిలీలు తట్టుకోలేకే ఆ ఏర్పాటు చేశారు. పోత నాణేనికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, లేదా ఆ గీతను ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. నాణేన్ని నిలువుగా పట్టుకుని ఒకే బల్బు కింద మెల్లగా తిప్పితే చుట్టూ ఒకేలా మెరవాలి. ఒకచోట మెరుపు ఆగి మళ్లీ మొదలైతే ఆ చోటును భూతద్దంతో పట్టి చూడాలి.

అలా ఆగే చోటు మన వైపు నాణేల్లో చాలా తరచుగా పన్నెండు గంటల ముల్లు దగ్గర, తల పైన ఉంటుంది. కారణం అందరికీ తెలిసిందే. రూపాయలను దండ కట్టుకున్నారు, పిల్లల మొలతాడుకు కట్టారు, పశ్చిమ ప్రకాశం సుగాలీ తండాల్లో ఒంటి మీద నగగా పెట్టుకున్నారు. దానికోసం తూటు పొడిచారు, లేదా కొక్కెం అతికారు. ఇప్పుడు ఆ నాణెం సేకరణ బజారుకు వచ్చేటప్పటికి కొక్కెం తీసేసి, తూటు పూడ్చి, పైన మెరుగు పెట్టి వస్తోంది. లోహం వెండే, పూడ్చింది కూడా వెండితోనే. గీటురాయి ఏం చెప్తుంది?

పూడ్చిన తూటును పట్టుకోవడానికి నాలుగు జాడలు. మొదటిది అంచు: టంకం నిండిన చోట గీతలు మూసుకుపోతాయి, వాటిని మళ్లీ ఆకురాయితో కోస్తే కొత్త గీతలు వంకరగా, ఎడం తేడాతో ఉంటాయి. రెండోది రంగు: టంకంలో రాగి, జింకు పాళ్లు ఎక్కువ కాబట్టి కొన్నాళ్లకు ఆ చోటు పసుపచ్చగానో మసకగానో తేలుతుంది. కొత్తగా మెరుగు పెట్టిన నాణెంలో ఇది కనిపించదు. అందుకే తల పైన మాత్రం తళతళ ఎక్కువగా ఉన్నా, నాణెం మొత్తం ఈమధ్యే మెరుగు పెట్టినట్టున్నా తొందరపడొద్దు. మూడోది అంచు పక్కన చుట్టూ ఉండే చిన్న పూసల వరస. అచ్చు వేసినప్పుడు అవి ఒకే ఎడంలో పడతాయి. చేత్తో చెక్కినవి ఎంత పనివాడు చేసినా రెండు మూడు పూసలు లావో సన్నమో అవుతాయి. నాలుగోది రెండో వైపు. తూటు అటూ ఇటూ ఉంటుంది కదా, బొమ్మ వైపు శ్రద్ధగా పూడ్చినవాడు బొరుసు వైపు తరచూ తొందరపడతాడు. తూటుకు నేరుగా వెనక పడే చోటును తప్పక చూడండి.

భూతద్దం పదింతలు పెద్దదిగా చూపేది చాలు. అంతకంటే ముఖ్యం వెలుతురు. గది లైటు ఆపేసి, పక్కనుంచి వాలుగా పడే ఒక్క బల్బు పెట్టుకోండి. పైనుంచి పడే వెలుతురులో దిద్దిన చోటు దాక్కుంటుంది, వాలు వెలుతురులో గుంటకు నీడ పడుతుంది.

తేదీ దిద్దడంలో మూడు పద్ధతులున్నాయి. అంకెలో కొంత చెక్కి వేరే అంకెగా మార్చడం, వేరే నాణెం నుంచి అంకెను కోసి అతికించడం, చుట్టూ ఉన్న లోహాన్ని పొడిచి లేపి అంకెగా మలచడం. అచ్చులో పుట్టిన అంకెకు, నాణెం మైదానానికి (బొమ్మా అక్షరాలూ లేని చదును చోటుకు) మధ్య గీత ఉండదు, లోహం ఒకే ప్రవాహంగా పైకి లేస్తుంది. అతికిన అంకె మైదానాన్ని తాకే చోట సన్నటి నల్లగీత ఉంటుంది. చెక్కిన చోట ఒకే దిక్కుగా గీతలు, చిన్న పల్లం ఉంటాయి. లేపిన చోట అంకె చుట్టూ లోహం తవ్వినట్టు ఉంటుంది. జిగురుతో అతికినదైతే దూదికి అసిటోన్ అద్ది ఆ అంకె మీద కొద్దిసేపు ఉంచితే కదులుతుంది. వెండికి అసిటోన్ హాని చేయదు. పొయ్యి దగ్గర, దీపం దగ్గర మాత్రం వాడొద్దు.

అయితే అంకెను ఎంత నేర్పుగా దిద్దినా, ఆ సంవత్సరం అచ్చును దిద్దడం కష్టం. పట్టుకోవాల్సింది ఇక్కడే. 1911 రూపాయి అందరూ వెతికేది. అయిదో జార్జి వస్త్రం మీద ఉన్న ఏనుగు పొట్టి కాళ్లతో, కురచ తొండంతో పందిలా కనిపిస్తోందని గొడవై, ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలామటుకు కరిగించారు. 1912లో ఏనుగును మార్చి చెక్కారు. తొండం, చెవి తేటగా కనిపించే ఏనుగు ఉండి కింద 1911 అని ఉంటే, అది 1917లో చివరి 7ను గానీ 1914లో చివరి 4ను గానీ 1గా చెక్కిన నాణెం. అంకెను చూసే ముందు ఏనుగును చూడాలి. ఇలాగే రాణి రూపాయల మీద 1876 దాకా విక్టోరియా క్వీన్, 1877 నుంచి విక్టోరియా ఎంప్రెస్ అని ఉంటుంది. క్వీన్ అని ఉండి 1880ల తేదీ ఉంటే కొనడానికి కారణం లేదు. 1939 రూపాయి చాలా అరుదు, 1938 రూపాయి విరివిగా దొరుకుతుంది. 8ని 9గా మార్చడానికి కింద ఎడమవైపు ఒక ముక్క తీస్తే చాలు. కనుక 1939 అని ఎవరు చూపినా 9 కింది భాగంలో, ఆ ఖాళీలో గీతలున్నాయేమో చూడకుండా ధర మాట ఎత్తొద్దు.

స్వాతంత్ర్యం తర్వాతి నాణేల్లో దిద్దుబాటు టంకశాల గుర్తు దగ్గర జరుగుతుంది. తేదీ కింద నక్షత్రం హైదరాబాదుది, వజ్రం ఆకారం ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. గుర్తు చేర్చడం కంటే చెరపడం సులువు. అందుకే "ఈ సంవత్సరంలో గుర్తు లేనిదే అరుదు" అని ఎవరైనా అంటే, గుర్తు ఉండాల్సిన చోట మైదానం నునుపుగా ఉందా, గీకినట్టుందా చూడండి.

ఇక నీటి పరీక్ష. నాణేనికి ఏ హానీ చేయకుండా లోపలి లోహం సంగతి చెప్పేది ఇదొక్కటే, ఇంట్లో చేసుకోవచ్చు. తూనిక మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి సున్నా చేయండి. రొయ్యల వలకు వాడే సన్నటి నైలాన్ దారం మన తీరంలో ఎక్కడైనా దొరుకుతుంది. దానితో నాణేన్ని కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. తూనిక చూపే అంకె నాణెం తోసిన నీటి బరువు. నాణెం బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 91.7 శాతం వెండి ఉన్న 11.66 గ్రాముల రూపాయి సుమారు 1.13 చూపాలి. సగం వెండి రూపాయి 1.22 దగ్గర ఉంటుంది. రాగి మీద వెండి పూత పూసినది 1.30, జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) 1.34 ప్రాంతంలో చూపుతాయి. అరిగిన నాణెమైతే ఈ అంకెలు బరువుతో పాటు తగ్గుతాయి, సాంద్రత మారదు: అసలు రూపాయికి 10.3, సగం వెండికి 9.5.

తప్పు ఎక్కడొస్తుందో కూడా తెలియాలి. గీతల్లో గాలి బుడగ ఇరుక్కుంటే తోసిన నీరు ఎక్కువ చూపి మంచి నాణెం నకిలీ అనిపిస్తుంది. ముందే వేళ్లతో తడిపి, నీళ్లలో ఒకసారి తట్టి మళ్లీ తూచండి. దారం లావుగా ఉన్నా అంతే. వెండి బేడకు ఈ తూనిక పనికిరాదు. అది తోసే నీరు 0.14 గ్రామే, తూనిక 0.01 అటూ ఇటూ అయితే ఏడు శాతం తేడా. బేడకు, పావలాకు 0.001 దాకా చూపే తూనిక కావాలి. సీసం, తగరం పాళ్లు కుదిర్చి వెండి సాంద్రతే తెప్పించినవాళ్లూ ఉన్నారు. వాటికి మోత రాదు, మెత్తగా ఉంటాయి.

హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌రే యంత్రం మంచిదే, కానీ అది పై పొరనే చదువుతుంది. మందంగా వెండి పూసిన రాగి దానికి వెండిగానే కనిపిస్తుంది. నీటి పరీక్ష, యంత్రం రెండూ కలిస్తేనే పూర్తి జవాబు. యంత్రం ఇచ్చే చీటీలో వెండి శాతం ఒక్కటే చూడకండి. పాత వెండిలో తరచూ బంగారం, సీసం ఆనవాళ్లు కొద్దిగా ఉంటాయి, ఇప్పటి శుద్ధి చేసిన వెండిలో ఉండవు. 1840 రూపాయి అని చెప్పినది 99.9 చూపితే అది ఈ కాలపు కడ్డీ వెండి.

ఉపరితలం గురించి కూడా చెప్పాలి. పోత నాణెం మీద చిన్న గుంటలు, బుడగలు పగిలిన చుక్కలు ఉంటాయి, అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. అచ్చు వేసిన నాణెంలో అక్షరం మైదానం నుంచి నిటారుగా లేస్తుంది. చేతులు మారని అసలు నాణేన్ని బల్బు కింద వంచి తిప్పితే మెరుపు మధ్యనుంచి అంచుకు గీతలుగా తిరుగుతుంది. తీగ బ్రష్షుతో తెప్పించిన మెరుపు తిరగదు, ఒకేచోట ఉంటుంది, అక్షరాల పక్కన లోహం తోసుకుపోయినట్టు ఉంటుంది. ఒకే తేదీ నాణేలు రెండు మూడు ఒకేసారి చూపితే పక్కపక్కన పెట్టండి. ఒకే చోట ఒకే గాటు అన్నిటి మీదా ఉంటే, గాటు పడిన ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి అన్నీ వేశారన్నమాట.

మన ఇళ్లలో మటుకు ఎక్కువ నాణేలు పాడయింది మోసం వల్ల కాదు, భక్తి వల్ల. లక్ష్మీపూజకు ముందు చింతపండు, బూడిద పెట్టి తోమిన రూపాయి మీద వేల సన్నటి గీతలు పడతాయి. నాణెం అసలుదే, సేకరణ విలువ పోతుంది. పూజలో ఉండే నాణేలను తోమకుండా, నీళ్లలో ముంచి మెత్తటి గుడ్డ అద్ది ఆరబెట్టండి. అక్షరాల సందుల్లో పసుపు, కుంకుమ ఉన్నంత మాత్రాన "తరాలుగా పూజలో ఉన్నది" అని నమ్మనూ వద్దు. పసుపు పూయడానికి ఒక నిమిషం చాలు.

సీతారాముల పట్టాభిషేకం బొమ్మతో, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1616 అనో 1717 అనో 1818 అనో తేదీ, అణా అని రాసిన రాగి బిళ్ళలు మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. కంపెనీ ఇలాంటివి ఎప్పుడూ వేయలేదు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు ఇక్కడ నడిచిన రాగి డబ్బు కాసుల లెక్కలో ఉండేది. 1803లో, 1808లో 10 కాసుల, 20 కాసుల నాణేలను ఇంగ్లండులోని సోహో టంకశాలలో యంత్రం మీద వేయించి తెచ్చారు. దేశమంతటికీ ఒకే రూపాయి, అణా లెక్క 1835 చట్టంతో వచ్చింది. ఆ 1835 అరణా మీద కంపెనీ చిహ్నం ఉంటుంది, బరువు 12.95 గ్రాములు. రాముడి బిళ్ళను పూజలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని లక్షల నాణెమని అమ్మేవాడు, బియ్యం గింజల్ని లాగుతుందని చూపేవాడు మోసగాడు. ఇనుప రజను పట్టించిన బియ్యం, లోపల దాచిన అయస్కాంతం ఉంటే ఏ బిళ్ళయినా లాగుతుంది. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందే ఫీజులు వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో బహిరంగంగానే హెచ్చరించింది.

"పొలంలో దొరికింది" అనే మాటకు ఇక్కడ బలం ఎక్కువ. దానికి చరిత్ర ఉంది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలి, కింద కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హాడ్రియన్, ఫాస్టీనా పేర్లున్న ఆ నాణేల్లో చాలావాటిని పాత బంగారం కింద అమ్మేశారు, కరిగిపోయాయి. ఆనాడూ అడిగింది లోహాన్నే. ఇవాళ అలాంటి కథ చెప్పి మట్టి అంటిన నాణెం చూపితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. కథ నాణెం మీద రాసి ఉండదు. ఒకవేళ కథ నిజమే అయితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన సొత్తు గురించి దొరికినవాళ్లు కలెక్టరుకు రాసి తెలపాలి. చాటుగా అమ్మడం నేరం. అబద్ధమైతే నకిలీ, నిజమైతే కొనకూడనిది. రెండు దారులూ మూసుకున్నట్టే.

బ్రిటిష్ వాళ్ల సవరన్ బంగారు కాసుల్లో కూడా ఇదే చిక్కు. 7.98 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు. 1950, 60లలో బేరూత్‌లో నిజమైన బంగారంతోనే నకిలీ సవరన్లు చేశారు, వాటిలో 22 క్యారెట్లవీ ఉన్నాయి. కరిగించుకునేవాడికి వాటితో నష్టం తక్కువ. 1918 బొంబాయి కాసు అని తేదీ చూసి ఎక్కువ ధర పెట్టేవాడికి నష్టం. బొరుసు వైపు బొమ్మలో గుర్రం కింద నేల మీద, తేదీకి పైన బొంబాయి టంకశాల గుర్తుగా ఉండే చిన్న ఐ అక్షరం అడుగున కూడా పైన చెప్పినట్టే అతుకు గీత ఉందేమో చూడాలి. నాణేన్ని పరీక్షించి, దాని స్థాయి తేల్చి పెట్టెలో మూసి ఇచ్చే గ్రేడింగు కంపెనీల ప్లాస్టిక్ పెట్టెలను సైతం నకలు చేస్తున్నారు. పెట్టె మీది నంబరును ఆ కంపెనీ సైటులో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న గాట్లు మీ చేతిలోని నాణెం మీద ఉన్నాయో లేదో పోల్చుకోండి.

అన్నీ చూశాక కూడా తేలకపోతే, అదే సంవత్సరపు మామూలు నాణెం ఒకటి పక్కన పెట్టి చూడడం కంటే మంచి పద్ధతి లేదు. అందుకే సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, అరుదైనవాటికి ముందు 1862, 1907, 1918, 1938, 1944 లాంటి విరివిగా దొరికే రూపాయలు వెండి ధరకు దగ్గరలో కొనండి. కళ్లకు, చేతికి అలవాటు వాటితోనే వస్తుంది.

దిద్దిన నాణెం అని తేలితే ఏం చేయాలన్నది చివరి మాట. పూడ్చిన తూటు ఉన్న రూపాయి సిగ్గుపడాల్సింది కాదు, ఎవరి మెడలోనో ఒక జీవితకాలం ఉన్నది. దాచి అమ్మడమే తప్పు. నాణెం పెట్టే కాగితపు కవరు మీద సంవత్సరం, టంకశాల గుర్తు, బరువు, తోసిన నీటి బరువు, అంచు పరిస్థితి, పూడ్చిన చోటు రాయండి. "పన్నెండు గంటల దగ్గర తూటు పూడ్చారు, 11.58, 1.12" అంటే చాలు. మెత్తటి పీవీసీ కవరు వద్దు, అది మన తీరపు చెమ్మలో నాణెం మీద పచ్చటి జిగురు వదులుతుంది. అమ్మేటప్పుడు ఆ కవరుతోనే ఇవ్వండి, కొనేటప్పుడు అలాంటి కవరు ఇవ్వమని అడగండి.